అంచు గూళ్ళు

రైలు పెనుకొండలో ఆగి ఉన్నప్పుడు ఫోన్ వచ్చింది. ఆయన కూతురు చేసింది. "తెల్లారి పోయినాడక్కా నాయన" అని, ఇంకేమీ అనలేక పెట్టేసింది. నేను హిందూపురంలో రైలెక్కింది ఆయన్ని చూడడానికే. ధర్మవరం ఆసుపత్రిలో ఉన్న ఆయనకు ముందురోజే మాట ఇచ్చి వచ్చాను, రేపు మళ్ళీ వస్తానని.

రైలు కదిలింది. ఎదురు సీట్లో ఉన్న పెద్దమనిషి వంగి, కాళ్ళ దగ్గర పెట్టుకున్న సంచిని తడిమి చూసుకున్నాడు. రెండు నిమిషాలు కాలేదు, మళ్ళీ వంగాడు. పక్కనున్న భార్య విసుక్కుంది. "ఆడనే ఉండాది లే. కాళ్ళొచ్చి నడిచిపోతాదా ఏమి?"

"ఎందుకైనా మంచిది" అన్నాడాయన.

అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటకు వచ్చేసింది. పాపం, వాళ్ళిద్దరూ కంగారుపడి నీళ్ళ సీసా చేతికిచ్చారు. ఏమైందని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియలేదు. చుట్టం కాదు, మా కులం కాదు, మా ఊరు కాదు. అన్నా అని పిలిచేదాన్ని, అంతే.

'ఎందుకైనా మంచిది' అన్న ఒక్క మాట మీద అరవై ఏళ్ళు దాటించిన మనిషి ఆయన. తాడిమర్రి దాటాక వచ్చే రిజర్వాయరు దగ్గర లస్కరు. లస్కరంటే గేట్ల తాళాలు దగ్గర పెట్టుకునేవాడు. పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రాస్తాడు, పైవాళ్ళు ఎత్తమంటే గేటు ఎత్తుతాడు, దించమంటే దించుతాడు. ఈయన తాళం వేసి, లాగి చూసి, పదడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేవాడు. గట్టు దిగాక మూడోసారి పోయేవాడు. నాలుగోసారి బయలుదేరితే నేను చెయ్యి పట్టుకుని ఆపిన రోజులున్నాయి. గోడమీది నీటిమట్టం గీతల్ని కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివేవాడు. రెండూ ఒకటే వస్తేనే పుస్తకంలో ఎక్కించేవాడు.

నడివేసవిలో చంకలో గొడుగు ఉండేది. ఎండకు కాబోలు అనుకున్నాను. "ఎండకు కాదు పాపా, ఎండ మనకు అలవాటే. ఒగేళ మబ్బు పడితే?" అన్నాడు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. చొక్కా జేబులో మాత్రం రెండు ఎర్రగడ్డలు ఉండేవి, వడదెబ్బ తగలకుండా. నేను మొదటిసారి అక్కడికి పోయినరోజు నా పేరైనా అడగకుండా ఒక ఎర్రగడ్డ నా చేతిలో పెట్టి, "సంచిలో ఏసుకో ముందు, మాటలు తర్వాత" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చాక నా పుస్తకాలన్నీ ఉల్లి వాసన కొట్టాయి.

నాకు ఓపిక తక్కువ. మా నాయన మాటల్లో చెప్పాలంటే, ఉడికేదాకా ఉండి చల్లారేదాకా ఉండలేని రకం. అలాంటి నాకు ఇలాంటి మనిషి దొరికాడు. మొదటి నెలరోజులు ఆయన్ని భరించడానికే సరిపోయింది.

నేను అక్కడికి పోయింది పిట్టల కోసం. హిందూపురంలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతూ, ముప్పై దాటాక పరిశోధనలో చేరాను. ఆ రిజర్వాయరులో వేసవికి నీళ్ళు తగ్గితే నడుమ ఒక ఇసుకదిబ్బ తేలుతుంది. దాని మీద గుడ్లు పెట్టడానికి ఒక పిట్ట వస్తుంది. బూడిదరంగు వీపు, నల్లటి టోపీ పెట్టుకున్నట్టు తల, పసుపు ముక్కు, పొట్టి కాళ్ళు, చీలిన తోక. పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది. ఆయన కత్తెరపిట్ట అన్నాడు, నాకూ అదే నోట్లో నిలిచిపోయింది. సముద్రపు పిట్టల కుటుంబంలోదే ఇది, కాకపోతే నదుల్నీ పెద్ద చెరువుల్నీ పట్టుకుని లోపలికి వచ్చేసిన శాఖ. ఇసుకదిబ్బలు తగ్గిపోతున్నకొద్దీ ఇదీ తగ్గిపోతోంది.

ఆ సంగతి చెబితే ఆయన ముఖం మారిపోయింది. "సముద్రం పిట్టలా? ఈ కరువుసీమలో వాటికేం పనిమ్మా? దోవ తప్పినాయేమో. ఎవురన్నా చెప్పినారా వాటికి, సముద్రం ఈడ లేదని?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజంతా దిబ్బవైపు చూసినప్పుడల్లా పెళ్ళివారింట తప్పిపోయిన పిల్లల్ని చూసినట్టు చూశాడు.

నా పరిశోధన పిట్టల వయసు గురించి. ఏ వయసు పిట్ట ఎప్పుడు వస్తుంది, ఎక్కడెక్కడ తిరుగుతుంది, దిబ్బమీద ఏ చోట గూడు పెడుతుంది. గూడంటే పుల్లలూ పుడకలూ ఉండవు, పొట్టతో ఇసుకలో చేసుకున్న చిన్న గుంట, అందులో రెండో మూడో గుడ్లు. ఇంగ్లీషులో రాసుకొచ్చిన ప్రశ్నల్ని తెలుగులో పెట్టలేక నేను తడబడుతుంటే ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. ముదుర్లు, లేతవి.

"ముదుర్లు ముందొస్తాయి పాపా. శివరాత్రికంతా దిగిపోతాయి. వచ్చి దిబ్బ నడుమ ఎత్తు పట్టుకుంటాయి. పోయినేడు యాడ పెట్టిందో ఈయేడూ ఆడనే పెడతాది. లేతవి ఉగాది దాటినాక వస్తాయి, అరుచుకుంటా. అప్పటికి ఎత్తు మీద జాగా ఉండదు. అంచుకు పెడతాయి."

"మరీ లేతవో? పోయినేడు పుట్టినవి?"

"అవి రావు. ఊర్లు తిరుగుతాయి. తిరిగితేనే గదా యాడ నీళ్ళు నిలుస్తాయో, యాడ నిలవవో తెలిసేది. తిరగనీ." అని, ఆకాశం వైపు చూసి, "తిరిగేటప్పుడు ఏమైతాదో ఏమో గానీ" అన్నాడు.

ఆ మాట నిజమే. వారం వారం రైల్లో పోతూ వస్తూ పెనుకొండ చుట్టుపక్కల చెరువుల మీద అవి నాకు కనిపించేవి. ముక్కు కొసన నలుపు ఇంకా పోలేదు, తలమీద టోపీ సగమే వచ్చింది. ఒక వారం ఒక చెరువు మీద ఉంటే ఇంకో వారం ఇంకో చెరువు. నేను నోటుపుస్తకంలో రాసుకుని ఆయనకు చెప్పేదాన్ని. ఊరి పిల్లల క్షేమసమాచారం విన్నట్టు వినేవాడు. "ఎన్ని అగుపడినాయి? మొన్న నాలుగన్నావే? ఇంగొగటి యాడికి పోయె?"

ఒకసారి విసుగెత్తి, "ఏం కాదులే అన్నా!" అన్నాను.

ఆయన గబుక్కున పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మేశాడు. "థూ, థూ, థూ. ఆ మాట అనగూడదు పాపా. నీళ్ళ కాడ అసలే అనగూడదు. వాటికి ఇనపడతాది."

"నీళ్ళకా?"

"నీళ్ళకే. ఏం కాదు అన్నామనుకో, అట్లనా, చూద్దాంరా అంటాయి."

చదువుకున్నదాన్ని కదా, ఇలాంటివి నాకు ఒళ్ళుమంట. కావాలనే ఇంకోసారి అన్నాను. ఆయన ఇంకో మూడుసార్లు ఉమ్మాడు, ఈసారి నా తరఫున.

దిబ్బమీద ఏ గూడు ఎక్కడుందో తెలియాలంటే గుర్తులు కావాలి. ధర్మవరంలో మా నాయన ఇంట్లో మగ్గం ఉంది, పట్టు పోగుల తుక్కు ఎప్పుడూ పడి ఉంటుందని చెబితే, తానే వచ్చి తీసుకుంటానన్నాడు. బస్సు దిగి వచ్చినవాడు వచ్చినట్టు మగ్గం గుంట దగ్గర నిలబడిపోయాడు. మా నాయన గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని నేస్తున్నాడు.

"జారితే?" అన్నాడు ఈయన.

"నలభై ఏండ్లు జారలేదప్పా" అన్నాడు నాయన.

"అందుకే భయం. నలభై ఏండ్లు జారనోడు జారితే తట్టుకోలేడు."

నాయన నవ్వు పట్టలేక మగ్గం ఆపేశాడు. తర్వాత ఇద్దరికీ మాటలు కుదిరాయి. చీరకు ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు ఎందుకని ఈయన అడిగాడు. "చీరకు అంచే ప్రాణమప్పా" అన్నాడు నాయన. "ఆడోళ్ళు ముందు చూసేదీ ఆడనే, ముందు చిరిగేదీ ఆడనే. నేలకు రాసుకునేది అంచు గదా. అందుకే ఆడ రోంత బిగువు ఎక్కువ నేస్తాం."

ఆయన ఆ మాటను మూటలో పెట్టుకున్నట్టు తీసుకుపోయాడు. ఎరుపు పోగులన్నీ ఒక పక్క, పసుపు పోగులన్నీ ఒక పక్క ఏరుకున్నాడు. దిబ్బ నడుమ ఉన్న గూళ్ళ పక్కన చిన్న రాయికి పసుపు పోగు కట్టి పెట్టేవాళ్ళం, అంచు గూళ్ళకు ఎరుపు. పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో, చుట్టూ తిరుగుతూ దూరం నుంచే లెక్క చూసుకోవచ్చు. పుట్టి నడిపేటప్పుడు ఆయన పసుపు వైపు చూసేవాడే కాదు. ఎరుపును చూసి, నీటిని చూసి, మళ్ళీ ఎరుపును చూసేవాడు.

ఆ భయానికి అర్థముంది. ఎండలు ముదిరితే ఊళ్ళకు తాగునీటి కోసం పైనుంచి రిజర్వాయరులోకి నీళ్ళు వదులుతారు. వదలకపోతే మనుషులకు కష్టం, వదిలితే అంచు గూళ్ళకు కష్టం. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మట్టం మూరెడు పెరిగితే చాలు, నడుమనున్న ముదుర్ల గుడ్లు నిలుస్తాయి, అంచునున్న లేతవాటివి పోతాయి. లేతవి ఆ ఏటికి ఖాళీ చేతులతో పోతాయి. ప్రతి ఏడూ ఇంతే. ఆ కాలమంతా ఆయనకు సరిగా తిండి సయించేది కాదు.

ఇక ఆ ఏడు సంగతి చెప్పాలి.

ఆ ఏడు శివరాత్రి అయిపోయింది, ముదుర్లు దిగలేదు. ఉగాది వచ్చింది. అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడైనా మంచి దిబ్బ దొరికిందో, ఎక్కడైనా ఏదైనా అయిందో. ఆయన రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ చేసేవాడు. "రాలేదు పాపా. ఈ పొద్దూ రాలేదు." నేను పళ్ళు తోముకుంటూ వినేదాన్ని.

తర్వాత లేతవి వచ్చాయి. ఎత్తు అంతా ఖాళీగా ఉంది, అయినా అంచుకే పెట్టాయి. ఎత్తు మీద కంపచెట్లు మొలిచాయి మరి. చెట్టుంటే చాటున ఏదో ఉంటుందని పిట్టకు భయం. ముదురుది పాత చోటు వదలక ఆ కంపల మధ్యనే కూర్చునేదేమో. లేతదానికి పాత చోటే లేదు. మేం ఇద్దరం పోయి కంపలు పీకేసరికి ఆలస్యమైంది. నీటికి జానెడు దూరంలో ఇరవైకి పైగా గూళ్ళు పడిపోయాయి. దిబ్బ చుట్టూ ఎర్రంచు కట్టినట్టు మా పోగులు.

"వీటికి చెప్పే పెద్దోళ్ళు లేకపాయె" అన్నాడాయన.

అది అన్న వారానికే వార్త వచ్చింది. నాలుగు రోజుల్లో నీళ్ళు వదులుతారు.

నేను వెంటనే సెలవు పెట్టి వచ్చేశాను. నా దగ్గర ఉపాయం ఉంది. గుడ్లను తీసి పైన ఎత్తు మీద అలాంటివే గుంటలు చేసి పెడదాం, పిట్టలు చూసుకుని అక్కడికే వస్తాయి, కళ్ళముందే కదా. పిట్టల మీద పరిశోధన చేస్తున్నదాన్ని, ఇరవై అడుగుల దూరం తల్లికి ఒక లెక్కా అనుకున్నాను. చాటలో ఇసుక పరిచి గుడ్లు ఏరడం మొదలుపెట్టాను.

ఆయన తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. భయం ఎక్కువైతే చేసే పని అది. "పాపా, ఒగ గూడు మాత్రం మార్చి చూద్దామా ముందు? ఎందుకైనా మంచిది."

"టైమ్ లేదన్నా."

"ఒగటే. పిట్ట కూకుంటే మిగతావి మారుద్దాం."

"నువ్వూ నీ ఎందుకైనా మంచిదీ! ఇట్లా అనుకుంటూ కూర్చుంటే నీళ్ళొచ్చి మన కాళ్ళు కడుగుతాయి. ఏం కాదులే, పట్టు చాట."

ఆయన ఉమ్మడానికి పక్కకు తిరిగాడు గానీ, నా ముఖం చూసి ఊరుకున్నాడు. చాట పట్టాడు. పదకొండు గూళ్ళు మార్చాం.

పుట్టిలో వెనక్కి వచ్చి చూస్తూ కూర్చున్నాం. పిట్టలు దిగాయి. ప్రతి పిట్టా తిన్నగా తన పాత చోటుకే వచ్చింది. గుడ్లు లేని గుంటలో పొట్ట ఆనించి, అటూ ఇటూ సర్దుకుని, ఖాళీ ఇసుకను పొదుగుతూ కూర్చుంది. పైన ఇరవై అడుగుల దూరంలో దాని గుడ్లు ఎండకు మాడుతున్నాయి. ఒక్కటీ అటు తిరిగి చూడలేదు. వాటికి గుడ్డు గుర్తుండదు, చోటు గుర్తుంటుంది. ఆ ముక్క నేను ఎక్కడో చదివే ఉంటాను, పరీక్ష కోసం చదివి మరిచిపోయి ఉంటాను.

గుడ్లు మళ్ళీ తెచ్చి పాత చోట్లలో పెట్టాం. కానీ అప్పటికి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. నేను పుట్టిలో తలవంచుకుని కూర్చుని ఏడ్చాను. పదకొండు జంటలు, మొదటిసారి గుడ్లు పెట్టిన పిట్టలు. నీళ్ళు తీసుకుపోలేదు వాటిని, నేను తీసుకుపోయాను.

ఆయన తెడ్డు పక్కన పెట్టాడు. తర్వాత నా తలమీద గొడుగు తెరిచి పట్టాడు. అన్నాళ్ళూ చంకలో మోసిన గొడుగు తెరవగా చూడడం నాకదే మొదలు.

"ఏం కాదులే పాపా" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఆయన నోటినుంచి ఆ మాట! నీళ్ళ నడుమ కూర్చుని! అనేసి ఆయన, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు పక్కకు తిరిగి, నాకు కనపడకుండా మూడుసార్లు ఉమ్మాడు. కనపడకుండా ఉమ్మాననే అనుకున్నాడు.

మిగతా గూళ్ళకు ఉపాయం చెప్పింది ఆయనే. "చోటు మారిస్తే కదా దానికి కోపం. చోటు మార్చొద్దు. ఎత్తు చేద్దాం. మీ నాయన చెప్పినాడే, అంచుకాడ రోంత బిగువు ఎక్కువ అని."

ఎండ పడని వేళలు చూసుకుని, పొద్దున్నే కాసేపు, సాయంత్రం కాసేపు పనిచేశాం. సిమెంటు సంచుల్లో ఇసుక మోసుకొచ్చాడు. ఒక గూటి గుడ్లను తీసి తువ్వాలు మీద పెట్టి, ఆ గుంటలోనే జానెడు ఇసుక పోసి, మడమతో తొక్కి, నడుమ అరచేత్తో మళ్ళీ గుంట చేసి, గుడ్ల మొనలు ముందు ఎటున్నాయో అటే పెట్టేవాడు. వెంటనే పుట్టిలోకి వచ్చేసేవాళ్ళం. పిట్ట దిగేది. జానెడు ఎత్తైన తన ఇంటిచుట్టూ ఒకసారి నడిచేది. ఆ నాలుగైదు క్షణాలు ఆయన ఊపిరి తీసుకునేవాడు కాదు. పిట్ట కూర్చుంటే, "కూకునె" అనేవాడు మెల్లగా. అప్పుడు ఇంకో గూడు. ఒక్కో గూటికి రోజుకు రెండు జానలు. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టే ముఖం నాకు లేదు.

నీళ్ళు వచ్చాయి. అంచు మునిగింది. మా ఇసుక దిమ్మెలు మాత్రం నీళ్ళలో ఇడ్లీల్లా అక్కడక్కడా నిలిచాయి, ఒక్కోదానిమీద ఒక్కో పిట్ట. రెండు కరిగిపోయాయి. తొమ్మిది నిలిచాయి. పిల్లలు లేచాక, అనుమతి తెచ్చుకుని, ఎగిరేలోపు వాటి కాళ్ళకు ఎర్ర కడియాలు వేశాను. ఎరుపే కావాలన్నాడు ఆయన.

ఆ తర్వాత రెండేళ్ళు అవి ఊళ్ళు తిరిగాయి. పెనుకొండ దగ్గర ఒక ఎర్ర కడియం కనపడిందని చెబితే ఆ రోజు ఆయన రెండుపూటలా తిన్నాడట, వాళ్ళ కూతురు చెప్పింది.

ఈలోగా ఆయనకు వయసు మీద పడింది. మోకాళ్ళు పోయాయి, దిబ్బమీద కాలు పెట్టడం మానేశాడు, పుట్టిలోంచి చూసేవాడు. తర్వాత ఉద్యోగం అయిపోయింది, పుట్టి ఎక్కే ఓపిక పోయింది, గట్టు మీద నిలబడి చూసేవాడు. గుండె జబ్బు వచ్చాక బస్సు ఎక్కవద్దన్నారు. ధర్మవరంలో కూతురింట్లో కుర్చీలో కూర్చుని ఫోన్‌లో అడిగేవాడు. ఏ వయసు పిట్ట ఎంత దూరం తిరుగుతుందో పటాలు గీసే నాకు, ఈ మనిషి తిరిగే చోటు ఏడాదికేడాది చిన్నదవడం కళ్ళముందే కనపడింది. ఆ పటం నేను గీయలేదు.

మూడో వేసవిలో ఒక ఎర్ర కడియం దిబ్బమీద గుడ్లు పెట్టింది. అక్కడినుంచే ఫోన్ చేశాను, సంతోషం పట్టలేక.

"యాడ పెట్టింది?" అదీ ఆయన మొదటి ప్రశ్న.

"అంచుకే."

"పైన జాగా లేదా?"

"ఉందన్నా. కంపలు కూడా పీకేశాం. అయినా అంచుకే పెట్టింది."

ఆయన అన్నాడు. "పాపా, మనం తప్పు చేసినామేమో. నీళ్ళొచ్చినా అంచు మునగదని దానికి మనమే నేర్పించినాం. దాని లెక్కలో అంచే గట్టి జాగా. ఇంగ దాని పిల్లలూ ఆడనే పెడతాయి. ప్రతేడూ ఎవురో ఒగరు ఇసక మోయల్ల. నేను లేనాక ఎవురు మోస్తారు?"

ఒక్క పిట్టను చూసి అలా చెప్పలేం అని వాదించాను. పరిశోధన రాసేవాళ్ళు ఒక్కదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ మాట నా పుస్తకంలో ఎక్కడా రాయలేదు కూడా. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరుసటి ఏడు ఇంకో రెండు ఎర్ర కడియాలు వచ్చాయి. అవీ అంచుకే పెట్టాయి. నేను సెలవు పెట్టి ఇద్దరు కూలీలతో ఇసుక మోయించాను. ఆయన అంతటితో తృప్తిపడలేదు. "నీకు సెలవు దొరకకపోతే? నీకు జరమొస్తే? నీ రైలు నిలిచిపోతే?"

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ముక్కుకు గొట్టం ఉంది. నన్ను చూసి దిండు కింద చెయ్యి పెట్టాడు, ఎర్రగడ్డ ఉందో లేదో చూసుకుంటున్నాడని అర్థమైంది. ఆసుపత్రిలో వడదెబ్బ ఎలా తగులుతుందన్నా అని నవ్వబోయి ఆగిపోయాను. ఆయన కళ్ళనిండా భయం ఉంది.

"భయమైతాంది పాపా" అన్నాడు.

ఎవరైనా అనే మాటే నా నోటిదాకా వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు. "అనొద్దు."

అనలేదు. "ఎందుకైనా మంచిది, నేను రేపు మళ్ళీ వస్తానన్నా" అన్నాను.

"అట్ల చెప్పు" అన్నాడు. ముఖం కాస్త తేటపడింది.

మరుసటి రోజు నేను పెనుకొండ దాకా వచ్చాను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నిన్న రిజర్వాయరు నుంచి కొత్త లస్కరు ఫోన్ చేశాడు. నా వయసువాడే, పనిమంతుడు. మూడు రోజుల్లో నీళ్ళు వదులుతారట. ఆయన పోయాక అటు అడుగుపెట్టనిదాన్ని, ఈ పొద్దు మొదటి బస్సుకే పోయాను, దారిపొడవునా కూలీలు దొరుకుతారో లేదో, ఇసుక ఎక్కడినుంచి మోయించాలో అనుకుంటూ. పుట్టి దిబ్బకు తగిలేలోపే దూరం నుంచి చూశాను. అంచంతా పిట్టలే. అందులో ఎర్ర కడియాలు నాలుగో అయిదో.

దిబ్బ నెత్తిన నీలం టార్పాలిన్ కప్పిన కుప్ప ఒకటి ఉంది.

"అదేంది?" అన్నాను.

"ఇసక మూటలు మేడం. వానలు తప్పి దిబ్బ నెత్తి ముందే తేలింటే, కార్తీకంలోనే పెట్టించినాడు ఆ పెద్దాయన. కూతురితో గట్టుదాంకా ఆటోలో వచ్చి, దిగకుండా ఆడనే కూకుని, మనుషుల్ని పెట్టి మోయించినాడు. ఇప్పుడు ఏంటికన్నా, ఎండాకాలం ఇంగా శానా దూరం ఉండాది గదా అంటే ఇనలేదు." నవ్వాడతను. "ఆయప్పకు అన్నీ భయాలే. నీళ్ళు ఈసారి రోంతే వదుల్తారంట. ఏం కాదులే మేడం."

టార్పాలిన్ లాగాను. సంచులు వరసగా, ఒకదాని మీద ఒకటి. ప్రతి సంచి మూతికీ రంగు వెలిసిన ఎర్ర పట్టుపోగు కట్టి ఉంది, రెండు ముళ్ళు.

నేను పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మి, మొదటి మూట విప్పాను.